పాత బాడీ, కొత్త రేటు: డాడ్జ్ ఛాలెంజర్ పేరెత్తితే కార్ పిచ్చోళ్లు ఎందుకు కొట్టుకుంటారు?

వీడియో చూసే టైమ్ లేదు, రాతలో పెట్టండి అని అడిగినవాళ్ల కోసం ఈ ఎపిసోడ్ మొత్తం ఇక్కడ పెడుతున్నా. మాట్లాడినట్టే ఉంటుంది, అక్కడక్కడా కొంచెం సర్దాను అంతే.

ఈరోజు టాపిక్ ఒక్క కారు. డాడ్జ్ ఛాలెంజర్. 1970 మోడల్ ముఖం పెట్టుకుని 2008లో మళ్లీ పుట్టిన అమెరికన్ మజిల్ కార్. అయితే ఇది కార్ రివ్యూ కాదండీ. ఈ కారు కనిపిస్తే జనం ఎలా రియాక్ట్ అవుతారు, ఎందుకలా అవుతారు, అదీ అసలు విషయం. ఇందులో నాకు తగిలిన దెబ్బ ఒకటుంది. దెబ్బ అంటే, తగలబోయి ఆగింది. అది కూడా చెప్తా.

ముందు ఒక సీన్. 2022లో నేను ఆన్‌సైట్ ప్రాజెక్ట్ మీద డాలస్‌లో ఉన్నా. అక్కడ వీకెండ్ పొద్దున్నే కార్లంటే ఇష్టం ఉన్నవాళ్లు ఏదో ఒక పెద్ద పార్కింగ్ లాట్‌లో కలుస్తారు, కార్స్ అండ్ కాఫీ అంటారు. ఎంట్రీ ఫీజు ఉండదు, కాఫీ పట్టుకుని కార్ల మధ్య తిరగడమే. ఆ రోజు రెండు ఛాలెంజర్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి 1970ది, దాని ఓనర్‌కి డెబ్భై దాటి ఉంటాయి. రెండోది కొత్త హెల్‌క్యాట్, ఓనర్ కుర్రాడు, నా వయసే. హెల్‌క్యాట్ బానెట్ తెరిచాడు. జనం మూగారు. ఒకాయన అబ్బ అన్నాడు. ఇంకొకాయన ఇది కారు కాదు పడవ అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ పెద్దాయన మాత్రం కొత్త కారు చుట్టూ మెల్లగా ఒక రౌండ్ తిరిగి, ఎంత పెట్టి కొన్నావని అడిగాడు. కుర్రాడు చెప్పాడు. పెద్దాయన తల ఊపి, నీ వయసులో నేను కొన్నప్పుడు నాది గ్యారేజీ జీతం అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. పాతకాలం మనుషులు అలాగే అంటారులే అనుకున్నా. తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది. ఆ లెక్కే ఈ ఎపిసోడ్.

అసలు మజిల్ కార్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే, మామూలు సైజు ఫ్యామిలీ కారు తీసుకుని, అందులో పెద్ద కారుకి పెట్టే ఇంజిన్ కుక్కేయడం. ఎక్కువమంది మొదలుపెట్టే పాయింట్ 1964, పాంటియాక్ జీటీఓ. అప్పట్లో జనరల్ మోటార్స్‌లో ఒక రూల్ ఉండేది, మిడ్ సైజు కార్లలో ఇంత సైజు దాటి ఇంజిన్ పెట్టకూడదని. పాంటియాక్ ఇంజినీర్లు, వాళ్లలో జాన్ డెలోరియన్ ముఖ్యుడు, ఒక లొసుగు పట్టారు. కొత్త మోడల్‌గా చూపిస్తే రూల్ అడ్డొస్తుంది కదా, అందుకని ఉన్న మోడల్ మీద ఆప్షన్ ప్యాక్‌గా అమ్మారు. 6.4 లీటర్ల వీ8 ఇంజిన్‌తో వచ్చే ఆ ప్యాక్ ఖరీదు 300 డాలర్ల లోపే. మన ఆఫీసుల్లో కొత్త ప్రాజెక్ట్‌కి అప్రూవల్ రాకపోతే చేంజ్ రిక్వెస్ట్ అని రాసి పని కానిచ్చేస్తాం చూడండి, సేమ్ అదే.

1968లో ప్లిమత్ రోడ్ రన్నర్ వచ్చింది. ధర 2,896 డాలర్ల నుంచి. లోపల కార్పెట్ లేదు, రబ్బర్ మ్యాట్లే. సీటు బెంచీ. డబ్బంతా ఇంజిన్‌లో పెట్టారు. కార్టూన్‌లోని పక్షి పేరు వాడుకోవడానికి వార్నర్ బ్రదర్స్‌కి 50 వేల డాలర్లు కట్టారు, హారన్ కూడా ఆ పక్షిలాగే కూస్తుంది. ఎవరి కోసం ఇదంతా? ఇరవై ఏళ్ల కుర్రాళ్ల కోసం. ఫ్యాక్టరీలో, గ్యారేజీలో, పెట్రోల్ బంకులో పనిచేసే కుర్రాడు కొనగలిగే స్పీడ్. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తా.

డాడ్జ్ ఛాలెంజర్ ఈ ఆటలోకి లేట్‌గా వచ్చింది. 1970 మోడల్‌గా 1969 చివర్లో షోరూమ్‌కి వచ్చింది. స్పోర్టీ వెర్షన్ ఆర్/టీ ధర సుమారు 3,300 డాలర్లు. 426 హెమీ అనే పెద్ద ఇంజిన్ కావాలంటే ఇంకో 800 డాలర్లు వేసుకోండి. ఆ హెమీ పెట్టించుకున్నవాళ్లు 1970లో కొన్ని వందల మందే. 1971లో వచ్చిన వానిషింగ్ పాయింట్ సినిమాలో తెల్ల ఛాలెంజరే హీరో, మనిషి పక్క పాత్ర అనుకోవచ్చు.

తర్వాత మొత్తం పడిపోయింది. కుర్రాళ్ల చేతిలో ఇంత స్పీడా అని ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియం పెంచేశాయి. పొగ మీద రూల్స్ గట్టిపడ్డాయి. 1973లో ఆయిల్ సంక్షోభం వచ్చి పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు మొదలయ్యాయి. 1974తో ఛాలెంజర్ ఆగిపోయింది. మొత్తం ఐదేళ్లే బతికింది.

పాత ముఖం మళ్లీ ఎందుకు తెచ్చారు?

ఆ కార్లు చూస్తూ పెరిగినవాళ్లకి 1990ల చివరికి యాభై దగ్గరపడింది. చేతిలో డబ్బుంది, ఇల్లు కట్టేశారు, పిల్లలు పెద్దోళ్లయ్యారు. కంపెనీలు ఇది గమనించాయి. ఫోక్స్‌వ్యాగన్ న్యూ బీటిల్, క్రైస్లర్ పీటీ క్రూజర్, ఫోర్డ్ థండర్‌బర్డ్ వరసగా వచ్చాయి, అన్నీ పాత జ్ఞాపకాలకు కొత్త షీట్ మెటల్.

ఇక్కడ ఒక ఎదురు ఉదాహరణ ఉంది, అది చూస్తే ఫ్యాన్స్ మైండ్ అర్థమవుతుంది. 2004లో జనరల్ మోటార్స్ జీటీఓ పేరుని మళ్లీ తెచ్చింది. ఆస్ట్రేలియాలో అమ్ముతున్న హోల్డెన్ మొనారో కారుకే కొంచెం మార్పులు చేసి జీటీఓ బ్యాడ్జ్ వేశారు. 350 హార్స్‌పవర్ వీ8, వెనక చక్రాలకు పవర్, మంచి సస్పెన్షన్. నడిపితే పాత జీటీఓ కన్నా అన్ని రకాలుగా బెటర్. కానీ చూస్తే జీటీఓలా లేదు, ఏదో మామూలు కూపేలా ఉంది. ఫ్యాన్స్ ముఖం చిట్లించారు. 2006తో ఆగిపోయింది.

2005లో ఫోర్డ్ దీనికి రివర్స్ చేసింది. మస్టాంగ్‌కి 1960ల ముఖం పెట్టింది, గుండ్రటి లైట్లు, వెనక మూడేసి నిలువు ల్యాంపులు. వెనక యాక్సిల్ పాతకాలం గట్టి యాక్సిలే. జనం ఎగబడి కొన్నారు. అంటే పాఠం ఏంటంటే, పేరు ఒక్కటే తెస్తే సరిపోదు, ముఖం కూడా కావాలి. ముఖం కుదిరితే మిగతావి కొంచెం అటూఇటూ ఉన్నా క్షమించేస్తారు.

డాడ్జ్ ఈ పాఠం బాగా చదువుకుంది. 2006 జనవరిలో డెట్రాయిట్ షోలో ఛాలెంజర్ కాన్సెప్ట్ పెట్టారు. పాత కారు ఫొటో పక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉన్నాయి. 2008లో అమ్మకానికి వచ్చినప్పుడు కాన్సెప్ట్‌కి అసలు కారుకి తేడా కనిపెట్టడం కష్టం. మామూలుగా షోలో పులిని చూపించి షోరూమ్‌లో పిల్లిని అమ్ముతారు కదా, ఇక్కడ అలా జరగలేదు. మొదటి ఏడాది అమెరికాకి 6,400 కార్లే, డాష్‌బోర్డ్ మీద ఒక్కోదానికి నంబర్ ప్లేటుతో. తయారవకముందే అన్నీ అమ్ముడుపోయాయి. ధర సుమారు 38 వేల డాలర్లు. షోరూముల్లో దాని మీద ఇంకొంత గుంజినవాళ్లు చాలామంది.

ఒకే కారు, మూడు గొడవలు

ఇప్పుడు రియాక్షన్స్‌కి వద్దాం. మొదటి గొడవ సైజు. కొత్త ఛాలెంజర్ విడిగా డిజైన్ చేసిన ప్లాట్‌ఫామ్ మీద రాలేదు. క్రైస్లర్ 300, డాడ్జ్ చార్జర్ అనే పెద్ద ఫోర్ డోర్ సెడాన్ల ప్లాట్‌ఫామ్‌ని కొంచెం కత్తిరించి వాడారు. ఆ ప్లాట్‌ఫామ్‌లో సస్పెన్షన్ డిజైన్ మెర్సిడెస్ నుంచి వచ్చింది, అప్పట్లో రెండు కంపెనీలు ఒకే గొడుగు కింద ఉండేవి. ఫస్ట్ ఇయర్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కూడా మెర్సిడెస్‌దే. ఫలితం, పొడవు 5 మీటర్లు దాటింది, బరువు సుమారు 1,880 కేజీలు. మన ఇన్నోవా క్రిస్టా పక్కన నిలబెడితే దాదాపు అడుగు పొడవు ఎక్కువ, అదీ రెండే డోర్లతో. పాత ఛాలెంజర్ కన్నా చక్రాల మధ్య దూరం ఆరంగుళాలు ఎక్కువ. మలుపుల్లో కారు నడపడం ఇష్టపడేవాళ్లు దీన్ని పడవ అనేది అందుకే. పార్కింగ్ లాట్‌లో నవ్వి వెళ్లిపోయిన ఆయన ఈ బ్యాచ్.

రెండో గొడవ, ఒరిజినల్ ఎంత ఒరిజినల్ అని. ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క హార్స్‌పవర్ లెక్క. 1970 హెమీ పవర్ 425. 2008 ఎస్‌ఆర్‌టీ8లో 6.1 లీటర్ హెమీ పవర్ కూడా 425. ఒకటే నంబర్! చూశారా అదే పవర్ అని ఒకరు, చూశారా నలభై ఏళ్లలో ఏం పెరగలేదు అని ఇంకొకరు. ఇద్దరూ తప్పే. 1970 నంబర్ గ్రాస్ లెక్క. అంటే ఇంజిన్‌ని కారులోంచి తీసి స్టాండ్ మీద పెట్టి, మఫ్లర్, ఎయిర్ క్లీనర్, ఆల్టర్నేటర్ లాంటి బరువులేవీ లేకుండా కొలిచింది. 1972 నుంచి నెట్ లెక్క వచ్చింది, అన్నీ బిగించి కారులో ఉన్నట్టే కొలవాలి. ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టి, యాప్స్ అన్నీ తీసేసి బెంచ్‌మార్క్ స్కోర్ తీస్తే ఎలా ఉంటుంది? గ్రాస్ అంటే అది. నెట్ అంటే ఎండాకాలం, ఇరవై యాప్స్ ఓపెన్‌లో పెట్టి తీసిన స్కోర్. అందుకే క్వార్టర్ మైలు, అంటే 400 మీటర్లు, పాత హెమీ ఛాలెంజర్ 14 సెకన్ల దగ్గర వెళ్తే కొత్తది 13 పైచిలుకులో వెళ్లిపోతుంది. పైగా ఏసీ వేసుకుని.

అయినా పాత కారు ఓనర్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడానికి కారణం నాకు ఇంట్లోనే తెలుసు. మా నాన్నకి పాత బుల్లెట్ ఉంది, కాస్ట్ ఐరన్ ఇంజిన్, కుడి కాలికి గేరు, ఎడమ కాలికి బ్రేకు. కొత్త ఇంజిన్ బుల్లెట్లు వచ్చి, గేరు ఎడమ పక్కకి మారినప్పుడు మా తెనాలి వీధిలో ఆయన, ఆయన ఫ్రెండ్సు అరగంట తిట్టుకున్నారు. సౌండ్ ఏదిరా, కుట్టుమిషన్‌లా ఉంది అని. ఇప్పుడాయనకి మోకాళ్ల నొప్పి, కిక్ కొట్టలేరు. మా బాబాయి కొత్త బుల్లెట్ వస్తే తాళం అడిగి మరీ తీసుకెళ్తారు, సెల్ఫ్ స్టార్ట్ కదా. వెనక్కొచ్చి మళ్లీ సౌండ్ బాలేదంటారు. కొత్తదాన్ని మెచ్చుకుంటే పాతదాని మీద తను పెట్టిన ముప్పై ఏళ్ల రిపేర్లు, గ్రీజు, తిట్లు తక్కువైపోతాయేమో అని ఆయన భయం అనుకుంటా. ఛాలెంజర్ ఓనర్లలో కూడా ఇదే ఉంది.

మూడో గొడవ మనలాంటి వాళ్లది. మనం 1970 ఛాలెంజర్ రోడ్డు మీద చూడలేదు. గేమ్స్‌లో చూశాం, సినిమాల్లో చూశాం. మనకి 2008 షేపే ఒరిజినల్. పెద్దాయన దాన్ని కాపీ అంటే మనకి కోపం వస్తుంది. ఆయనకేమో, మనం ఎప్పుడూ బతకని కాలాన్ని మిస్ అవుతున్నాం అంటే నవ్వొస్తుంది. ఇద్దరి దగ్గరా పాయింట్ ఉంది.

రేటు దగ్గరే అసలు కథ

ఇప్పుడు ఆ పెద్దాయన మాటకి వద్దాం. 1970లో అమెరికా కుటుంబాలన్నిటినీ ఆదాయం ప్రకారం లైన్‌లో నిలబెడితే, సరిగ్గా మధ్యలో ఉన్న కుటుంబం సంపాదన ఏడాదికి సుమారు 9,900 డాలర్లు. ఛాలెంజర్ ఆర్/టీ 3,300. అంటే నాలుగు నెలల ఆదాయం. హెమీ వేసుకున్నా ఐదు నెలలు. 2008లో అదే మధ్య కుటుంబం ఆదాయం 61,500 దగ్గర. ఎస్‌ఆర్‌టీ8 38 వేలు. ఏడు నెలలు దాటింది.

న్యాయంగా మాట్లాడుకుందాం. 2008 కారులో ఎయిర్‌బ్యాగ్స్ ఉన్నాయి, ఏబీఎస్ ఉంది, ఢీకొడితే మనిషి బతికే ఛాన్స్ చాలా ఎక్కువ. ఆ సేఫ్టీకి ఖర్చవుతుంది, అది వేస్ట్ కాదు. 2009లో వీ6 ఇంజిన్‌తో చవక వెర్షన్ కూడా వచ్చింది, సుమారు 22 వేల నుంచి, 250 హార్స్‌పవర్. చూడటానికి అదే ఛాలెంజర్. కానీ ఇక్కడ ఒకటి గమనించండి. రోడ్ రన్నర్ రోజుల్లో పవర్ చవగ్గా ఇచ్చి, అందం కావాలంటే ఎక్స్‌ట్రా తీసుకునేవాళ్లు. ఇప్పుడు అందం చవక, పవర్ ఖరీదు. ఫార్ములా తిరగబడింది.

ఇక అక్కడి నుంచి రేటు ఎక్కుతూనే ఉంది. 2015లో హెల్‌క్యాట్, సూపర్‌చార్జర్‌తో 707 హార్స్‌పవర్, సుమారు 60 వేల డాలర్లు. రెండు తాళాలు ఇచ్చేవాళ్లు, ఎర్ర తాళంతో తీస్తే మొత్తం పవర్, నల్ల తాళంతో తీస్తే 500కి లాక్. 2018లో డీమన్, రేస్ పెట్రోల్ పోస్తే 840. క్వార్టర్ మైలు 9.65 సెకన్లు. రోల్ కేజ్ లేకుండా అంత వేగం కుదరదని అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ దాన్ని తమ ట్రాకుల్లో బ్యాన్ చేసింది, డాడ్జ్ ఆ బ్యాన్ లెటర్‌నే పబ్లిసిటీగా వాడుకుంది. బరువు తగ్గించడానికి పక్క సీటు, వెనక సీటు పీకేసి అమ్మారు, కావాలంటే ఒక్కోటి ఒక్క డాలర్‌కి ఇస్తామన్నారు. ధర 84,995. చివరగా 2023లో డీమన్ 170, ఇథనాల్ కలిపిన ఈ85 పోస్తే 1,025 హార్స్‌పవర్, ధర 96,666 డాలర్ల నుంచి. ఆ ఏడాది అమెరికాలో మధ్యలో ఉన్న ఇంటి ఆదాయం 80 వేల డాలర్ల దగ్గర. అంటే ఏడాది మొత్తం తిండి తినకుండా, అద్దె కట్టకుండా దాచినా చాలదు.

పైగా డీమన్లు లిమిటెడ్, రెండుసార్లూ అమెరికా, కెనడా కలిపి గరిష్ఠంగా 3,300 చొప్పున. షోరూముల్లో బ్లాక్ టికెట్ల సీన్ అవుతుందని డాడ్జ్‌కి ముందే తెలుసు. అందుకే అసలు ధరకి గానీ తక్కువకి గానీ అమ్మిన ఆర్డర్లని ముందు తయారు చేస్తామని రూల్ పెట్టింది. అయినా చాలా కార్లు అసలు రేటు కన్నా చాలా ఎక్కువకి చేతులు మారాయి. కొందరు కొని, సీటు మీద ప్లాస్టిక్ కవర్ కూడా తీయకుండా గ్యారేజీలో పెట్టారు, ఇరవై ఏళ్ల తర్వాత అమ్ముదామని. ఫ్యాన్స్‌లో ఎక్కువ మందికి కడుపు మండేది ఇక్కడే. వెయ్యి గుర్రాల కారు కొని కవర్ కప్పడం ఏంటని. కవర్ కప్పినవాళ్ల వాదనా వినాలి మరి. 1971 ప్లిమత్ హెమీ కుడా, అంటే పాత ఛాలెంజర్‌కి తోబుట్టువు లాంటి కారు, అందులో ఒక కన్వర్టిబుల్ 2014 వేలంలో 35 లక్షల డాలర్లకి పోయింది. అది చూశాక ఎవరికి ఆశ పుట్టదు? కాకపోతే చిన్న తేడా. ఆ పాత కార్లు అరుదైంది జనం వాటిని తోలి, గుద్ది, తుక్కుకి వేసేయడం వల్ల. దాచాలని తయారు చేసి, అందరూ దాచిన వస్తువు అంత అరుదు అవుతుందా అన్నది నా డౌట్.

నేను సంతకం పెట్టబోయిన రోజు

ఇప్పుడు నా ముచ్చట. ఆ పార్కింగ్ లాట్ నుంచి వచ్చాక రెండు వారాలు నాకు నిద్ర లేదు. స్కాట్ ప్యాక్ అనే వెర్షన్, 6.4 లీటర్ వీ8, 485 హార్స్‌పవర్. నేను చూసిన కారు స్టిక్కర్ ధర 47 వేల డాలర్లు. శనివారం షోరూమ్‌కి వెళ్లా. స్టిక్కర్ పక్కన ఇంకో చిన్న స్టిక్కర్ ఉంది. మార్కెట్ అడ్జస్ట్‌మెంట్, 8 వేల డాలర్లు. అంటే ఏంటండీ అని అడిగితే, డిమాండ్ ఉంది, చిప్‌ల కొరత ఉంది, మీరు కాకపోతే సాయంత్రానికి ఇంకొకరు అన్నారు.

టెస్ట్ డ్రైవ్ చేశా. ఇంజిన్ స్టార్ట్ అవగానే ఆ వైబ్రేషన్ సీటులోంచి నడుములోకి వచ్చింది. నిజం చెప్తున్నా, మనిషి మెత్తబడిపోతాడు. లోపలికి వచ్చి కూర్చున్నా, పేపర్లు ముందు పెట్టారు. నాకు అక్కడ క్రెడిట్ హిస్టరీ ఏడాదిదే, వడ్డీ 9 శాతం. 84 నెలల లోన్. సేల్స్ అతను నెలకి ఎంతో మాత్రమే చెప్తున్నాడు, మొత్తం ఎంతో చెప్పట్లేదు. ఇంటికెళ్లి రేపు వస్తానని లేచా.

రాత్రి ఎక్సెల్ తెరిచా. 47కి 8 కలిపితే 55. టెక్సస్ సేల్స్ టాక్స్ 6.25 శాతం, సుమారు 3,400. నా దగ్గరున్న 8,400 డౌన్ పేమెంట్ పోగా లోన్ 50 వేలు. నెలకి 805 డాలర్లు, ఏడేళ్లు. లోన్ మీద కట్టేది 67 వేల పైన, డౌన్ పేమెంట్ కలిపితే 76 వేలు. 47 వేల కారుకి. ఇన్సూరెన్స్, పెట్రోల్ ఇంకా వేయలేదు. నా ప్రాజెక్ట్ ఎన్నాళ్లు ఉంటుందో నాకే తెలీదు, వీసా నా చేతిలో లేదు, లోన్ మాత్రం ఏడేళ్లు.

అయినా కొనాలనే ఉంది. నాన్నకి ఫోన్ చేశా. ఆయన వద్దంటారు, అప్పుడు పంతానికి కొంటా అని ఒక మూల ప్లాన్.

నాన్న మొత్తం విన్నారు. తిట్టలేదు. "నా బుల్లెట్ ఎంతకి కొన్నానో తెలుసా నీకు?" అన్నారు. తెలీదన్నా. "సెకండ్ హ్యాండ్. ఆర్నెల్ల జీతం. మీ అమ్మ గొలుసు తాకట్టు పెట్టి కొన్నా, ఏడాదిలో విడిపించా. ఆ ఏడాది మీ అమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు." కాసేపు ఆగి, "నువ్వు ఏడేళ్లు అంటున్నావ్. అప్పటికి నీకెంత వస్తాయిరా?" అన్నారు.

ముప్పై మూడు వస్తాయి నాన్నా అన్నా.

"సరే, నీ ఇష్టం. బండి మీద కోరిక తప్పు కాదు" అని పెట్టేశారు.

మర్నాడు వెళ్లలేదు. షోరూమ్ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది, ఎత్తలేదు. ఎనిమిది నెలల తర్వాత ప్రాజెక్ట్ అయిపోయింది, నేను హైదరాబాద్ వచ్చేశా. ఆ డౌన్ పేమెంట్ డబ్బుతోనే కెమెరా, లైట్లు కొన్నా, ఉద్యోగం మానేశాక మొదటి కొన్ని నెలల అద్దె కట్టా. మీరు ఇప్పుడు చదువుతున్నది కూడా ఒక రకంగా దాంతోనే నడుస్తోంది. కానీ అబద్ధం ఎందుకు, ఇప్పటికీ ఆ ఎగ్జాస్ట్ సౌండ్ వీడియోలు రాత్రి పూట వింటా.

సో, ఎవరిది కరెక్ట్?

నాకు అర్థమైంది ఇది. రెట్రో కారు పాత ముఖాన్ని తేగలదు, పాత సౌండ్ తేగలదు, పాత పవర్‌ని రెట్టింపు చేసి తేగలదు. గ్యారేజీలో పనిచేసే కుర్రాడు కొన్ని నెలల జీతంతో ఊళ్లోకెల్లా ఫాస్ట్ కారు కొనుక్కోగలిగాడు చూడండి, దాన్ని మాత్రం ఏ డిజైనరూ తిరిగి తేలేడు. మజిల్ కార్ అంటే మొదట్లో ఆ రేటే. ఫ్యాన్స్ పడవ అని, కాపీ అని, హెమీ కాదు అని, కవర్ ఎందుకు కప్పావ్ అని కొట్టుకుంటున్నారంటే, చాలావరకు కోపం అక్కడి నుంచే వస్తోంది. పెద్దాయన ఆ రోజు కుర్రాణ్ణి వెక్కిరించలేదు, జాలిపడ్డాడు. నాకు లేట్‌గా వెలిగింది.

అలాగని ఛాలెంజర్ ఫెయిల్ అని కాదు. 2021, 2022 రెండేళ్లూ అమెరికాలో మస్టాంగ్ కన్నా ఎక్కువ అమ్ముడైంది, పద్నాలుగేళ్ల పాత డిజైన్‌తో. మారకపోవడమే దాని బలం అయింది. 2023 డిసెంబర్ 22న కెనడాలోని బ్రాంప్టన్ ఫ్యాక్టరీ నుంచి చివరి కారు వచ్చింది, నల్ల రంగు డీమన్ 170. తర్వాత డాడ్జ్ ఎలక్ట్రిక్ చార్జర్ డేటోనా తెచ్చింది, దాని ముక్కు కూడా 1960ల చార్జర్‌దే. ఇంజిన్ లేదు కాబట్టి సౌండ్ కోసం స్పీకర్లతో ఒక ఎగ్జాస్ట్ పెట్టారు, హెల్‌క్యాట్ అంత గట్టిగా వినిపిస్తుందన్నారు. ఫ్యాన్స్ రియాక్షన్ మీరు ఊహించగలరు. ముఖం ఫేక్ అయితే ఓకే, సౌండ్ ఫేక్ అయితే మాత్రం ఊరుకోం అన్నారు. తర్వాత ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ వెర్షన్ కూడా రంగంలోకి దిగింది.

మన దగ్గర ఈ కార్లు కలలే. 2016లో మస్టాంగ్ జీటీ ఇండియాకి వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ 65 లక్షలు. అమెరికాలో సేల్స్‌మ్యాన్, టీచర్ కొనే కారు ఇక్కడ బిల్డర్లు, హీరోలు కొనే కారు అయింది. కానీ ఇదే ఆట మన సైజులో కూడా నడుస్తోంది. రెట్రో బైకులు, రెట్రో వాచీలు, రెట్రో స్నీకర్లు, లిమిటెడ్ ఎడిషన్ ఫోన్లు. అందుకే ఎప్పుడైనా అలాంటి దాని మీద మనసు పడితే రెండు పనులు చేయండి. ఒకటి, నెలకి ఎంత అని కాదు, చివరికి మొత్తం ఎంత కడుతున్నారో మీరే ఒక కాగితం మీద రాసుకోండి. రెండు, ఆ డబ్బులో వస్తువుకి ఎంత, జ్ఞాపకానికి ఎంత, పక్కన అతికించిన చిన్న స్టిక్కర్‌కి ఎంత అని విడగొట్టండి. జ్ఞాపకానికి డబ్బు పెట్టడం తప్పేం కాదు, మా నాన్న గొలుసు తాకట్టు పెట్టాడుగా. ఎంత పెడుతున్నామో తెలిసి పెట్టాలి, అంతే.

మీ ఇంట్లో అలా అమ్మకుండా ఉంచుకున్న బండి ఏదైనా ఉంటే, దాన్ని అప్పట్లో ఎంతకి కొన్నారో, ఎలా కొన్నారో ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి అడగండి. నాకు ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా అడగాలని తోచలేదు. గొలుసు కథ నాకు ఆ ఫోన్‌లోనే మొదటిసారి తెలిసింది.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ85, అంటే ఇథనాల్ కలిపిన పెట్రోల్ గురించి, మన బంకుల్లో పోస్తున్న దానికీ దానికీ తేడా ఏంటో మాట్లాడుకుందాం. అప్పటిదాకా బండి మెల్లగా నడపండి, హెల్మెట్ పెట్టుకోండి. ఉంటానండీ.